జ్వరం దిగితే ప్రమాదం పోయినట్టేనా? మలేరియా మన రక్తనాళాలకు చేసే హాని

వానాకాలం వచ్చిందంటే మన ఆసుపత్రి ఓపీలో చలిజ్వరాల సంఖ్య పెరుగుతుంది. జ్వరంతో చేరిన పేషెంటుకు రెండవ రోజున ఒళ్ళు చల్లబడగానే వెంట ఉన్నవారు మా నర్సులను అడిగే మొదటి మాట ఒక్కటే: "సిస్టర్, జ్వరం తగ్గింది కదా, ఇంటికి తీసుకుపోవచ్చా?" ఇది సహజమైన ప్రశ్నే. పనులు మానుకొని, పిల్లలను పక్కింట్లో వదిలి వచ్చినవారు అలా అడగడంలో తప్పు లేదు. అయితే మలేరియా, అందులోనూ ఫాల్సిపారం అనే రకం మలేరియా విషయంలో, థర్మామీటరు చెప్పేది సగం సంగతి మాత్రమే. మిగిలిన సగం రక్తనాళాల్లో జరుగుతుంది. అది చేతితో తాకితే తెలియదు. ఈ నెల దానిని గురించే మీకు వివరంగా చెప్పాలనుకుంటున్నాము.

మన నగరానికీ ఈ జబ్బుకూ ఉన్న పాత సంబంధం

మలేరియా అన్న మాటకు అసలు అర్థం చెడు గాలి. బురద నేలల నుండి లేచే గాలి వల్ల ఈ జ్వరం వస్తుందని చాలాకాలం నమ్మారు. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో ఈ సూక్ష్మజీవిని మొదటిసారి చూశాడు. అది మనిషి ఒంట్లోకి ఎలా వస్తుందో మాత్రం తెలియలేదు. దానికి జవాబు దొరికింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్టను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో మలేరియా పరాన్నజీవి ఎదుగుతున్నట్టు కనుగొన్నాడు. ఆ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించడానికి కారణం ఇదే.

ఆయన పనిచేసిన బేగంపేట భవనం తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చి, ఆయన పేరుతో పరాన్నజీవుల అధ్యయన సంస్థగా మారింది. నల్లకుంటలో మనవారు కోరంటి దవాఖానా అని పిలిచే ఫీవర్ ఆసుపత్రికి ఉన్న అసలు పేరులో కూడా రాస్ పేరు ఉంది. ముషీరాబాదులో, తార్నాకలో ఉండే మనకు ఇవన్నీ ఒక్క బస్సు దూరంలోనే ఉన్నాయి. ఇంత దగ్గరలో ఈ జబ్బు గుట్టు బయటపడినా, జ్వరానికి మెడికల్ షాపులో రెండు మాత్రలు కొనుక్కొని ఊరుకునే అలవాటు మాత్రం మనలో పోలేదు.

రక్తనాళం వట్టి గొట్టం కాదు

గుండె నుండి బయలుదేరిన పెద్ద రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ చీలుతూ చివరకు వెంట్రుక కంటే ఎంతో సన్నని నాళాలుగా మారతాయి. వీటిని కేశనాళికలు అంటారు. ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7 మైక్రాన్లు. అంటే ఒక మిల్లీమీటరు పొడవున 140 కణాలను వరుసగా పేర్చవచ్చు. చాలా కేశనాళికల వెడల్పు కూడా ఇంచుమించు అంతే. అందుచేత ఎర్ర కణాలు మెత్తగా వంగి, ఒకదాని వెనుక ఒకటి వాటిలోనుండి జారిపోతాయి. మెదడుకు, మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు ప్రాణవాయువు అందేది ఈ సన్నని దారుల్లోనే.

ఈ నాళాల లోపల ఒక పలుచని పొర ఉంటుంది. దానిని ఎండోథీలియం అంటారు. ఇది గోడకు వేసిన సున్నం వంటిది కాదు, ప్రాణమున్న పొర. రక్తం లోపల గడ్డకట్టకుండా చూడడం, నీరు బయటికి కారకుండా ఆపడం, ఎక్కడైనా సూక్ష్మజీవి చొరబడితే తెల్ల రక్తకణాలను అక్కడికి పిలవడం దీని పనులు. అలా పిలవవలసి వచ్చినప్పుడు ఈ పొర తన మీద కొన్ని కొక్కేల వంటి పదార్థాలను పైకి తెస్తుంది. తెల్ల కణాలు వాటికి తగులుకొని ఆగుతాయి. మలేరియా పరాన్నజీవి వాడుకునేది సరిగ్గా ఈ కొక్కేలనే.

పరాన్నజీవి గోడకు ఎందుకు అంటుకుంటుంది?

దోమ కుట్టినప్పుడు లోపలికి వచ్చిన పరాన్నజీవులు మొదట కాలేయంలో పెరుగుతాయి. అప్పుడు ఏ బాధా ఉండదు. ఫాల్సిపారం రకంలో సాధారణంగా వారం నుండి రెండు వారాల తరువాత అవి రక్తంలోకి వచ్చి ఎర్ర కణాల్లో దూరతాయి. అక్కడ 48 గంటలు పెరిగి, కణాన్ని పగలగొట్టుకొని బయటపడతాయి. ఒక్కొక్క కణం నుండి సుమారు 20 పిల్ల పరాన్నజీవులు వస్తాయి. ప్రతి ఒక్కటీ మళ్ళీ ఒక కొత్త కణాన్ని వెతుక్కుంటుంది. కణాలన్నీ ఒకేసారి పగిలినప్పుడు చలి, వణుకు, జ్వరం వస్తాయి. అందుకే కొందరికి రోజు విడిచి రోజు జ్వరం వస్తుంది. జ్వరం లేని ఆ మధ్య రోజున "తగ్గిపోయింది" అనుకోవడం మా వార్డులో తరచుగా చూసే సంగతి. నిజానికి ఆ రోజున పరాన్నజీవి లోపల పెరుగుతూ ఉంటుంది.

మన ఒంట్లో ప్లీహము అనే అవయవం ఎడమ పక్కటెముకల కింద ఉంటుంది. పాడైన ఎర్ర కణాలను ఏరివేయడం దాని పని. ఫాల్సిపారం దాని చేతికి చిక్కకుండా ఒక ఉపాయం చేస్తుంది. తాను దూరిన ఎర్ర కణం పైభాగాన చిన్న చిన్న బుడిపెలు పుట్టించి, వాటిమీద జిగురు వంటి మాంసకృత్తులను నిలుపుతుంది. 48 గంటల్లో రెండవ సగానికి వచ్చేసరికి ఆ కణం రక్తంలో తిరగడం మానేసి సన్నని నాళాల గోడకు అతుక్కుంటుంది. పొలం గట్టున నడిచి వస్తే చీర అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకొన్నట్టు పట్టుకుంటుంది. ఒక కణం అంటుకుంటే దాని మీద మరికొన్ని చేరతాయి. దారి ఇరుకవుతుంది. ఆ దారి చివరన ఉన్న భాగానికి రక్తం తగ్గుతుంది.

మన రక్షణ వ్యవస్థే ఎలా హాని చేస్తుంది?

ఎర్ర కణాలు పగిలినప్పుడు పరాన్నజీవి వ్యర్థాలు రక్తంలో కలుస్తాయి. వాటిని చూసి తెల్ల రక్తకణాలు ప్రమాద సూచనలుగా కొన్ని రసాయనాలను వదులుతాయి. జ్వరం రావడానికి కారణం ఇవే. ఇంతవరకు ఇది మన మంచికే. కానీ పరాన్నజీవుల సంఖ్య ఎక్కువైనప్పుడు ఈ రసాయనాలు హద్దు మీరతాయి. వాటి ప్రభావానికి రక్తనాళాల లోపలి పొర రెచ్చిపోయి ఇంకా ఎక్కువ కొక్కేలను బయటికి తెస్తుంది. కొక్కేలు పెరిగితే అంటుకునే కణాలు పెరుగుతాయి. అవి పగిలితే రసాయనాలు మళ్ళీ పెరుగుతాయి. ఇది గానుగ తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది.

మరో రెండు హానులు కూడా జరుగుతాయి. పగిలిన ఎర్ర కణాల నుండి బయటపడిన హీమోగ్లోబిన్, నాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని పీల్చివేస్తుంది. దానితో నాళాలు బిగుసుకుంటాయి. లోపలి పొర కణాల మధ్య అతుకులు వదులై రక్తంలోని నీరు చుట్టూ ఉన్న భాగంలోకి కారుతుంది.

కొన్ని జబ్బుల్లో తెల్ల కణాలు నేరుగా రక్తనాళం గోడలోకి చొరబడి దాన్ని తినివేస్తాయి. డాక్టర్లు దానిని వాస్క్యులైటిస్ అంటారు. మలేరియాలో సాధారణంగా జరిగేది అచ్చంగా అది కాదు. ఇక్కడ గోడ కూలిపోదు, గోడ లోపలి పొర రెచ్చిపోయి పని తప్పుతుంది. అందుకే సమయానికి పరాన్నజీవిని చంపితే చాలామందిలో ఈ పొర తిరిగి కోలుకుంటుంది. స్పృహ లేకుండా వచ్చిన మనిషి కొద్ది రోజుల్లో లేచి కూర్చొని టీ అడగడం మేము ఎరుగుదుము. ఆలస్యమైతే మాత్రం ఆ అవకాశం జారిపోతుంది.

ఏ అవయవంలో ఏమవుతుంది?

మెదడు: మనవారు "జ్వరం తలకెక్కింది" అంటారు. మత్తు, పొంతన లేని మాటలు, ఫిట్స్, స్పృహ తప్పడం దీని గుర్తులు. చిన్నపిల్లల్లో మెదడు వాచిపోవడం ప్రాణాపాయం. మలావీ దేశంలో పిల్లలకు ఎంఆర్ఐ తీసి చేసిన పరిశీలన 2015లో వెలువడింది. చనిపోయిన పిల్లల్లో అత్యధికులకు మెదడు తీవ్రంగా వాచి ఉన్నట్టు అందులో తేలింది. కొన్ని ఇళ్ళలో ఇలాంటి పేషెంటును చూసి గాలి సోకిందనీ, దయ్యం పట్టిందనీ అనుకుంటారు. సంఘ కుటుంబాలకు మా మనవి ఏమిటంటే, ప్రార్థన తప్పక చేయండి, కానీ ముందు ఆటోను పిలిచి, దారిలో చేయండి.

మూత్రపిండాలు: మూత్రం తగ్గిపోవడం, ముదురు టీ డికాషన్ రంగులో లేదా నల్లగా రావడం గమనించాలి. పెద్దవారిలో కిడ్నీలు దెబ్బతినడం, దానితోపాటు కళ్ళు పచ్చబడడం తరచుగా జరుగుతుంది.

ఊపిరితిత్తులు: నీరు చేరి ఆయాసం వస్తుంది. మందు మొదలుపెట్టి జ్వరం దిగిన తరువాత కూడా ఇది రావచ్చు. అందుకే మేము సెలైన్ చుక్కలను లెక్కపెట్టి ఎక్కిస్తాము. "ఇంకో బాటిల్ పెట్టండి, బలం వస్తుంది" అని అడిగితే మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

గర్భిణీలు: మాయలో పరాన్నజీవులు గుట్టలుగా చేరతాయి. తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. గర్భస్రావం కూడా కావచ్చు. తల్లికి జ్వరం స్వల్పంగా ఉన్నా బిడ్డకు హాని జరగవచ్చు.

వీటితోపాటు రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. రాత్రి రెండు గంటలకు నిద్ర లేపి వేలు గుచ్చి చూస్తున్నామని కొందరు విసుక్కుంటారు. చక్కెర పడిపోయిన పేషెంటు పైకి హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. అందుకే లేపక తప్పదు.

ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగ్యూనే కానక్కరలేదు

ఇప్పుడు మన నగరంలో జ్వరం అనగానే అందరి మనసులోకి వచ్చేది డెంగ్యూ, ప్లేట్‌లెట్లు. మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. రెచ్చిపోయిన నాళాల గోడకు అవి అతుక్కుపోవడం, ప్లీహము వాటిని పట్టి ఉంచడం ఇందుకు కొన్ని కారణాలు. రిపోర్టులో ప్లేట్‌లెట్ సంఖ్య చూసి బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంట్లో ఉంచితే, మలేరియా అయితే విలువైన గంటలు పోతాయి. రెండూ వానాకాలపు జబ్బులే. రెండూ ఒకే మనిషికి ఒకేసారి రావడం కూడా ఉంది. కనుక డెంగ్యూ పరీక్ష చేయించేటప్పుడు మలేరియా పరీక్ష కూడా అడగండి. మలేరియాకు కచ్చితమైన మందు ఉంది. ఆ మందుతో పరాన్నజీవి చచ్చితే చాలామందికి ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి.

నెమ్మదిగా చేసే హాని: కిడ్నీలు, కడుపులో బల్ల

ఇంతవరకు చెప్పినది గంటల్లో, రోజుల్లో జరిగేది. నెలల తరబడి నిలిచిపోయే మలేరియా వేరొక విధంగా హాని చేస్తుంది. మన శరీరం పరాన్నజీవిని పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి పరాన్నజీవి ముక్కలతో కలిసి ముద్దలుగా ఏర్పడతాయి. ఈ ముద్దలు రక్తంలో తిరుగుతూ మూత్రపిండాల్లోని జల్లెడ వంటి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు పుట్టి, ప్రోటీను మూత్రంలో పోతుంది. ముఖం, కాళ్ళు ఉబ్బుతాయి.

మూడు రోజులకొకసారి జ్వరం తెచ్చే మలేరియే అనే రకంలో ఇది ముఖ్యంగా కనిపించింది. నైజీరియా పిల్లల్లో ఈ సంబంధాన్ని గిల్స్, హెండ్రిక్స్ అనే వైద్యులు 1963లో వివరించారు. కిడ్నీ జల్లెడ ఒకసారి బాగా దెబ్బతిన్నాక మలేరియా మందు వాడినా అది మామూలు స్థితికి రావడం కష్టమని కూడా తెలిసింది.

రెండవది కడుపులో బల్ల. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో మళ్ళీ మళ్ళీ ఆ జబ్బు సోకిన కొందరిలో రక్షణ వ్యవస్థ అదుపు తప్పి అవసరానికి మించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ ముద్దలను ఏరివేయలేక ప్లీహము బొడ్డు వరకు పెరిగిపోతుంది. రక్తం తగ్గుతుంది, చిన్న దెబ్బకే అది చిట్లే ప్రమాదం ఉంటుంది. బల్ల కరగాలని కడుపు మీద వాతలు పెట్టడం, గట్టిగా మర్దన చేయడం ఎంతమాత్రం పనికిరాదు.

రక్షణ వ్యవస్థను అణిచే మందు ఇస్తే సరిపోదా?

చదువుకున్న పేషెంట్ల బంధువులు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు: "మన రక్షణ వ్యవస్థే హాని చేస్తుంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు కదా?" ఒకప్పుడు వైద్యులు కూడా ఇలాగే అనుకున్నారు. థాయ్‌లాండ్‌లో మెదడుకు మలేరియా సోకిన 100 మందిపై పరీక్షగా చేసి చూసిన ఫలితం 1982లో వెలువడింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవారిలో మరణాలు తగ్గలేదు. పైగా స్పృహ రావడానికి ఎక్కువ కాలం పట్టింది. అందుచేత మెదడు మలేరియాకు స్టెరాయిడ్ ఇవ్వరు. జ్వరం వెంటనే దిగుతుందని కొందరు ఆర్ఎంపీల వద్ద వేయించుకునే ఇంజెక్షన్లలో ఈ మందు కూడా ఉండవచ్చు. అది ఒంటి వేడిని తగ్గించి, అసలు జబ్బును దాచివేస్తుంది. ఏ ఇంజెక్షన్ వేశారో చీటీ మీద రాయించుకొని మాకు చూపించండి.

గానుగను ఆపాలంటే దాన్ని తిప్పుతున్న పరాన్నజీవిని చంపాలి. 2005లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ఈ సంగతిని తేటగా చూపింది. బంగ్లాదేశ్, భారతదేశం, ఇండొనేషియా, మయన్మార్ దేశాల్లో తీవ్ర మలేరియాతో చేరిన 1,461 మందిలో కొందరికి పాత క్వినైన్, కొందరికి ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇచ్చారు. క్వినైన్ తీసుకున్నవారిలో 22 శాతం చనిపోగా, ఆర్టిసునేట్ తీసుకున్నవారిలో 15 శాతం చనిపోయారు. ఆర్టిసునేట్ పరాన్నజీవిని చిన్న వయసులోనే, అది గోడకు అంటుకోక ముందే చంపగలదు. ఇప్పుడు తీవ్ర మలేరియాకు మొదట ఇచ్చే మందు ఇదే. దీనికి మూలమైన ఆర్టిమిసినిన్‌ను ఒక చైనా మొక్క నుండి వెలికితీసిన తు యుయుగారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయినా నూటికి పదిహేను మంది చనిపోయారన్న సంగతి మరువకండి. ఎంత మంచి మందైనా, నాళాలు మూసుకుపోయాక ఇస్తే కొందరిని కాపాడలేదు. మాత్రలతో నయమయ్యే రోజుల్లోనే రావాలి.

పరీక్ష గురించి తెలుసుకోవలసినవి

వేలి నుండి తీసిన రక్తపు చుక్కతో స్లైడు, కిట్టు అనే రెండు రకాల పరీక్షలు చేస్తారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం.

1. మాత్ర మింగక ముందే పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ ఒకటి వేసుకొని వస్తే స్లైడులో పరాన్నజీవి కనిపించకపోవచ్చు.

2. స్లైడులో కనబడేవి రక్తంలో తిరిగే పరాన్నజీవులు మాత్రమే. నాళాల గోడకు అంటుకున్నవి వేలి చుక్కలోకి రావు. కనుక మొదటి స్లైడు నెగటివ్ వచ్చినా, అనుమానం ఉంటే డాక్టరుగారు 12 నుండి 24 గంటల తరువాత మళ్ళీ చేయిస్తారు. "ఒకసారి చేశారు కదా, బిల్లు పెంచడానికా?" అనుకోవద్దు.

3. ఫాల్సిపారం కిట్టు పరీక్ష నయమైన తరువాత కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపవచ్చు. దాన్ని చూసి కంగారుపడి మళ్ళీ మందులు మింగవద్దు. స్లైడు చూసి డాక్టరుగారు నిర్ణయిస్తారు.

మందు పూర్తిగా వాడాలి

మన ప్రాంతంలో సాధారణంగా రెండు రకాల మలేరియా ఉంటుంది. ఫాల్సిపారం అయితే ఆర్టిసునేట్ కలిసిన మందులు మూడు రోజులు, ప్రిమాక్విన్ ఒక మోతాదు ఇస్తారు. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, తరువాత కాలేయంలో దాగిన పరాన్నజీవిని చంపడానికి ప్రిమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం రెండవ, మూడవ రోజుకే పోతుంది కనుక ఈ 14 రోజుల మందును మధ్యలో మానేవారే ఎక్కువ. మానితే నెలల తరువాత కొత్త దోమ కుట్టకపోయినా జ్వరం తిరగబెడుతుంది. వైవాక్స్ కూడా కొందరిలో తీవ్రంగా మారగలదు కనుక తేలికగా తీసుకోవద్దు.

ప్రిమాక్విన్‌ను గర్భిణీలకు, పసిపిల్లలకు ఇవ్వకూడదు. జీ-6-పీడీ అనే పదార్థం పుట్టుకతోనే లోపించినవారికి దీనివల్ల రక్తకణాలు పగిలిపోతాయి. మందు వాడుతుండగా మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి అదే రోజు రండి. పక్కింటివారికి ఇచ్చిన చీటీతో మీరు మందు కొనుక్కోకూడదని మేము చెప్పేది ఇందుకే.

క్యాంపస్ విద్యార్థులకు, ఊరికి వెళ్ళి వచ్చేవారికి

హైదరాబాదులో ఫాల్సిపారం అరుదు కనుక అందరికీ వెంటనే ఆ అనుమానం రాదు. కానీ ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్ళలో, తార్నాక చుట్టుపక్కల గదుల్లో ఉండే పిల్లల్లో భద్రాచలం, ములుగు వైపు నుండి, పాడేరు, చింతూరు వంటి ఆంధ్ర ఏజెన్సీ ప్రాంతాల నుండి వచ్చినవారు ఉన్నారు. దసరాకో, సంక్రాంతికో ఇంటికి వెళ్ళి వచ్చిన వారం, రెండు వారాలకు జ్వరం వస్తే, దోమ కుట్టింది అక్కడ, జ్వరం వచ్చింది ఇక్కడ అని గుర్తుంచుకోవాలి.

"మేము పుట్టి పెరిగింది అక్కడే, మాకేమీ కాదు" అని కొందరు పిల్లలు అంటారు. మళ్ళీ మళ్ళీ జబ్బు సోకడం వల్ల వచ్చే ఆ కొద్దిపాటి రక్షణ, కొన్నేళ్ళు నగరంలో ఉంటే తగ్గిపోతుంది. కనుక ఊళ్ళో ఉన్న అన్నయ్య తట్టుకున్న జ్వరం, హాస్టల్‌లో ఉన్న తమ్ముడిని మంచాన పడవేయగలదు. కూలి పనులకు, సేవా కార్యక్రమాలకు, బంధువుల పెళ్ళిళ్ళకు ఆ వైపు వెళ్ళి వచ్చే మన కుటుంబాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఓపీలో కూర్చోగానే డాక్టరుగారితో "గత నెలలో ఫలానా ఊరు వెళ్ళి వచ్చాను" అని మీరే ముందుగా చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు

జ్వరం ఉన్నా, దిగినా, ఈ కిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు ఆగవద్దు:

1. మత్తుగా ఉండడం, పిలిస్తే సరిగా పలకకపోవడం, తికమకగా మాట్లాడడం
2. ఫిట్స్ రావడం
3. ఆయాసం, వేగంగా ఊపిరి తీయడం
4. కళ్ళు పచ్చబడడం, అరచేతులు బాగా పాలిపోవడం
5. మూత్రం చాలా తగ్గడం, నల్లగా రావడం
6. ఆగని వాంతులు, మింగిన మాత్ర నిలవకపోవడం
7. లేచి కూర్చోలేనంత నీరసం. పసిపిల్లలైతే పాలు తాగకపోవడం
8. చేతులు, కాళ్ళు చల్లబడడం, ఎక్కడినుండైనా రక్తం కారడం

గర్భిణీలు, ఐదేళ్ళలోపు పిల్లలు ఈ గుర్తుల కోసం ఎదురుచూడకూడదు. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించాలి.

ఇంటికి వెళ్ళాక

ఆర్టిసునేట్ ఇంజెక్షన్ తీసుకున్న కొందరిలో, జబ్బు నయమైన తరువాత వారం నుండి నాలుగు వారాల లోపు రక్తం మళ్ళీ తగ్గవచ్చు. ఒకసారి పరాన్నజీవి సోకి బయటపడిన ఎర్ర కణాలు తొందరగా పగిలిపోవడం దీనికి ఒక కారణం. అందుకే 7వ, 14వ, 28వ రోజుల్లో హీమోగ్లోబిన్ చూపించుకోమని డిశ్చార్జి కాగితంలో రాస్తాము. ఒంట్లో బాగానే ఉందని మానవద్దు.

నగరాల్లో మలేరియాను మోసే స్టీఫెన్సీ అనే దోమ మురికి కాలువలో కాదు, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. మేడ మీది మూత లేని ట్యాంకు, సంపు, వారాల తరబడి నీరు మార్చని కూలర్, కట్టుబడి జరుగుతున్న ఇంటి తొట్టి దాని నివాసాలు. వారానికి ఒకరోజు వీటిని ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టండి. ట్యాంకు మూతలు సరిగా ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి.

మీ ఇంట్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే మొదటి రోజే రక్తం పరీక్ష చేయించండి. రోగి పక్కన కూర్చున్నప్పుడు నుదురు ఒక్కటే పట్టి చూడకండి. పేరుపెట్టి పిలిచి మాట్లాడించండి, ఊపిరి గమనించండి, మూత్రం రంగు అడిగి తెలుసుకోండి. మా నర్సులు వార్డులో గంటగంటకూ చూసేవి ఇవే. వీటికి ఏ యంత్రమూ అక్కరలేదు కనుక ఇంట్లో మీరు కూడా చూడగలరు.